మూత మీద బొట్టు

నేను ఒక పాత ట్రాక్టరును. పాత అని నేనే చెప్పుకుంటున్నాను కాబట్టి సరే, ఇంకొకరు అంటే మాత్రం నాకు నచ్చదు. ముప్పై అయిదు గుర్రాల బలం నాదని పుట్టినప్పుడు కాగితం మీద రాశారు. వాటిలో ఇప్పుడెన్ని మిగిలాయో చూసుకునే ధైర్యం చేయలేదు. నా ఎర్ర రంగు బానెట్టు లోపలి వైపు మాత్రమే మిగిలింది. పైనున్నదంతా ఎండ తినేసింది.

నేను పుట్టింది ఉత్తరాదిన ఒక పెద్ద కార్ఖానాలో. ఒకడు చక్రాలు బిగించాడు, ఒకడు స్టీరింగు పెట్టాడు, ఇంకొకడు నా డీజిల్ ట్యాంకు మూతను వెలుతురుకు ఎత్తిపట్టి, దానికి గుండుసూది దూరేంత బెజ్జం ఉందో లేదో చూసి, బిగించి పక్కకు జరిగాడు. అతని ముఖం నాకు గుర్తు లేదు. కానీ నేను చెప్పబోయేదంతా అతను చూసిన ఆ బెజ్జం గురించే. ట్యాంకులోంచి డీజిల్ కిందికి దిగే కొద్దీ ఖాళీ అయిన చోటికి గాలి రావాలి. ఆ గాలి వచ్చే దారి అదొక్కటే. మనుషులకు ముక్కు ఎలాగో నాకు అది అలాగ.

లారీ మీద నాలుగు రోజులు ప్రయాణం చేసి సూర్యాపేట చేరాను. నన్ను మొదట కొన్నది కాల్వ కింద భూములున్న ఒక పటేలు. దున్నడానికి కాదు, ఊళ్లో మొదటి ట్రాక్టరు తనదే అనిపించుకోవడానికి. నా మీద కూర్చుని ఫొటో దిగాడు గానీ, గేరు ఎటు వేయాలో పోయేదాకా నేర్చుకోలేదు. ఆయన పోయాక కొడుకులు అన్నీ చెరిసగం పంచుకున్నారు. నన్ను చెరిసగం చేయడం కుదరక ఇటుక బట్టీ ఆయనకు అమ్మేశారు. బట్టీలో పదకొండేళ్లు మట్టి మోశాను. ఆ యజమాని నన్ను ఒక్కసారీ తిట్టలేదు, ఒక్కసారీ కడగలేదు. నా మీద ఆయనకు ఏ అభిప్రాయమూ లేదనుకుంటాను.

మూడోవాడు సోమనర్సయ్య. ఇరవై మూడేళ్ల కిందట నన్ను కొన్నాడు. ఎక్కేముందు భుజం మీది తువ్వాలతో సీటు తుడుస్తాడు, దిగాక నా బానెట్టు మీద ఓసారి తడతాడు. ఉన్నవి రెండెకరాలు, అందులో పత్తి. ఇల్లు నిజంగా నడిచేది ఆయన భార్య అండాలు పెంచే బర్రెల పాల మీద. సోమనర్సయ్య నడిచేది అండాలు మాట మీద. ఆ సంగతి మాత్రం ఆయన ఒప్పుకోడు.

బర్రెలకు ఎండాకాలమంతా కావలసిన గడ్డి పక్క పొలం బుచ్చిరెడ్డిది. ఆయన ఎనిమిదెకరాల్లో వరి వేస్తాడు. కోత మిషన్ వచ్చి వడ్లు తీసుకుని గడ్డిని సాళ్లు సాళ్లుగా వదిలేసి పోతుంది. బుచ్చిరెడ్డికి పశువులు లేవు, ఆ గడ్డి ఆయనకు అడ్డం. "ఏరుకపోతె ఏరుకపో, లేకుంటె అగ్గిపెడ్త" అంటాడు. రెండో పంటకు నీళ్లు వదిలేలోపు ఆ పొలం ఖాళీ కావాలి. అందుకని ఏటా నాలుగైదు రోజుల్లోనే ఆ గడ్డిని చుట్టలు చుట్టి ఇంటికి చేర్చాలి. చుట్టే మిషన్ పక్క ఊళ్లో ఉండే అండాలు అన్నయ్యది. దాన్ని లాగేది నేను.

ముందటేడు సరిగ్గా అప్పుడే నా క్లచ్చు ప్లేటు అరిగిపోయింది. అరుగుతోందని నేను నెల రోజుల ముందునుంచీ కీచుమంటూనే ఉన్నాను. సోమనర్సయ్య రేపు చూద్దాం, మాపు చూద్దాం అన్నాడు. నేను పది రోజులు కొట్టం ముందు పడి ఉన్నాను, బుచ్చిరెడ్డి తన మాట ప్రకారం అగ్గిపెట్టాడు. ఎండాకాలం నడిమికి గడ్డివాము అడుగంటింది. గంగ అనే పాలబర్రెను అమ్మక తప్పలేదు. దాన్ని ఎక్కించిన బండి మలుపు తిరిగేదాకా అండాలు వాకిట్లోనే నిలబడింది. ఆ రోజు నుంచి ఆమె భర్తతో అవసరమైన మాటలే మాట్లాడేది. "బువ్వ పెట్టిన", "పాలు పోసొచ్చిన", అంతే. గంగకు పుట్టిన పడ్డదూడ ఒకటి ఇంట్లో మిగిలింది. నుదుటన తెల్లమచ్చ ఉంటుందని దానికి చుక్క అని పేరు. ఒక్కసారి మాత్రం అండాలు చుక్క తాడు పట్టుకుని కాస్త పొడుగ్గా మాట్లాడింది. "గడ్డి లేదని దీన్ని గిన అమ్మినవంటె, నేను మా అన్నోళ్లింటికి పోత. తోలుకపోను గూడ రాకు."

ఇక పోయిన ఏటి దసరా వచ్చింది. దసరాకు మా బండ్లకూ నాగళ్లకూ పూజ చేయడం మామూలే. ఇరవై రెండేళ్లుగా సోమనర్సయ్య నాకు నాలుగు చక్రాల మీదా, స్టీరింగు మీదా సన్నగా పసుపు కుంకుమ పెట్టేవాడు. ఈసారి భయం పట్టుకుంది. భయపడినప్పుడు మనుషులు భక్తి కాస్త ఎక్కువ కలుపుతారు. గిన్నెడు పసుపు ముద్ద కలిపి తెచ్చి, ఎక్కడ చోటు కనబడితే అక్కడ పూశాడు. బానెట్టు పైకి పొడుచుకొచ్చిన డీజిల్ ట్యాంకు మూతే నా నుదురని ఆయనకు తోచింది. దాని మీద నాలుగు వేళ్లతో దట్టంగా మెత్తి, నడుమ రూపాయంత కుంకుమ బొట్టు పెట్టాడు. "ఈసారి నన్ను ఆగం జెయ్యకు తల్లీ" అని దండం పెట్టాడు. పక్కన అండాలు గంట కొట్టింది. బెజ్జం మూసుకుపోయింది.

ఆ తర్వాత రెండు నెలలు నాకు పెద్ద పని పడలేదు. పత్తి బస్తాలు దించి రావడం, ఎరువు తేవడం, అన్నీ దగ్గరి తిరుగుళ్లు. పావుగంట పనికి పెద్దగా ఊపిరి అక్కరలేదు. పసుపు మీద దుమ్ము, దుమ్ము మీద డీజిల్ జిడ్డు పట్టి ఆ బొట్టు రాయిలా గట్టిపడింది.

కోత అయింది. గురువారం పొద్దున బావమరిది మిషన్ తెచ్చి అప్పజెప్పాడు. "ఐతారం పొద్దూకె వరకే బావా, మల్ల నాకు గావాలె" అన్నాడు. బుచ్చిరెడ్డి కూడా గట్టు మీదికొచ్చి అదే గడువు చెప్పాడు. "ఐతారం మాపటి దాక ఆగుత నర్సయ్యా. సోమారం నాకు నీళ్లొస్తయ్." నన్ను మిషనుకు తగిలించారు. మొదటి రెండు సాళ్లు బ్రహ్మాండంగా లాగాను. మూడో సాలు నడుమ ఊపిరి అందలేదు. దగ్గాను, పొగ వదిలాను, ఆగిపోయాను.

సోమనర్సయ్య దిగాడు. డీజిల్ ఉందో లేదో చూద్దామని మూత తీసి కందిపుల్ల ముంచాడు. మూత తీసిన క్షణాన నేను హుస్సుమని ఎంత గాలి పీల్చుకున్నానో! ఆయన వినలేదు, అప్పుడాయన నన్ను తిడుతున్నాడు. పుల్లకు డీజిల్ అంటింది. మూత బిగించి, డీజిల్ ఎక్కించే చేతిపంపు నాలుగుసార్లు నొక్కి స్టార్ట్ చేశాడు. నడిచాను. అరగంటకు మళ్లీ ఆగాను. మళ్లీ మూత, మళ్లీ పుల్ల, మళ్లీ తిట్లు. నాలుగోసారికి "ఇట్లనె గుంజితె ఇంజను పట్టేస్తది" అని నన్ను ఇంటికి తోలుకొచ్చాడు.

పట్నంలో ఉండే ఖాజా మేస్త్రీకి ఫోను చేశాడు. కోతల కాలంలో మెకానిక్కు దొరకడమంటే మాటలా? "సోమవారం దాకా నన్నడగకు నర్సయ్యా. డీజిల్ పైపుల్లో గాలి పట్టినట్టుంది, గాలి తియ్" అన్నాడు ఖాజా. నేను మొత్తుకున్నాను, గాలి అందక చస్తుంటే గాలి తియ్యడమేమిటని. నా మాట ఎవరికి వినబడుతుంది?

"ఇరవై రెండేండ్లాయె దీన్ని నడుపవట్టి. దీని నాడి నాకు తెల్వదా? నేనే జేస్త" అన్నాడు సోమనర్సయ్య. ఈ మాట విని నాకు ఒకింత గర్వం, చాలా భయం కలిగాయి. పాత చీర ఒకటి పరిచి శుక్రవారమంతా నన్ను విప్పాడు. ఫిల్టర్లు తీసి డీజిల్లో కడిగాడు. పైపులు ఊదాడు, నోటినిండా డీజిల్ రుచి చూశాడు. రాగి వాషర్లు మార్చాడు. ఫోన్లో ఎవరో హిందీలో చెబుతున్న వీడియో చూస్తూ, హిందీ రాకున్నా తలూపుతూ, పంపు కూడా విప్పాడు. నిజం చెప్పాలంటే పని శుభ్రంగానే చేశాడు. ఏళ్ల తరబడి పేరుకున్న మురికి పోయి నా ఒళ్లు తేలికయింది. శనివారం పొద్దున అంతా బిగించాక చీర మీద ఒక నట్టు మిగిలింది. ఆయన అటూ ఇటూ చూసి దాన్ని జేబులో వేసుకున్నాడు. అది నాలో ఎక్కడిదో నాకు ఈనాటికీ తెలియదు.

వాకిట్లో పావుగంట నడిపి చూశాడు. గడియారంలా నడిచాను. మురిసిపోయి ఈలలు వేసుకుంటూ పొలానికి తోలాడు. ఈసారి నాలుగో సాలు దాకా వచ్చాను. ఆగిపోయాను.

ఆయన దిగి నా వెనక చక్రాన్ని కాలితో తన్నాడు. దెబ్బ తగిలింది ఆయనకే. "పో! నిన్ను పాత ఇనుప సామానోనికి ఏస్త!" అని అరిచి, అలవాటు కొద్దీ మూత తీసి పక్కన పెట్టి, గట్టు మీద కూలబడ్డాడు. తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "చుక్కను గూడ అమ్ముడేనా ఇగ" అని తనలో తను అనుకున్నాడు. సామానోడి పేరెత్తినప్పుడు నాకేమీ అనిపించలేదు. ఇనుము ఏదో ఒకనాడు అక్కడికే పోతుంది. ఈ మాటకు మాత్రం జాలి వేసింది. చేతులుంటే ఆయన భుజం తట్టి, నోరుంటే నాలుగు తిట్టి, ఆ బెజ్జం చూపించేదాన్ని.

అప్పుడే అండాలు సద్ది తెచ్చింది. గిన్నె గట్టు మీద పెట్టి, ఆయన్నీ నన్నూ చూసింది. ఇన్ని నెలల తర్వాత తనంతట తాను అడిగింది.

"ఇది ఆగినప్పుడల్లా నువ్వు ఏం జేస్తున్నవ్?"

"ఏం జేస్త? మూత తీసి డీజిల్ ఉన్నదా అని జూస్తున్న."

"జూసినంక నడుస్తదా?"

"నడుస్తది. అద్దగంటకు మల్ల ఆగుతది."

ఆమె మూత తీసి ఉన్న ట్యాంకులోకి తొంగి చూసింది. తర్వాత, "నూనె డబ్బకు ఒక్కటే బొక్క కొడితె నూనె దిగుతదా? గాలి కోసం ఇంకో బొక్క కొట్టాలె గద. మూత తీస్తె నడుస్తున్నదంటె, దీనికి గాలి ఆడుతలేదేమో" అంది.

"ట్రాక్టరంటె నూనె డబ్బనా? నీకేం ఎరుక, ఊకో" అన్నాడు సోమనర్సయ్య. అన్నాడే గానీ లేచొచ్చాడు. మూత చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. లోపలి వైపు బెజ్జం ఉంది, పై వైపు లేదు. పై వైపు ఉన్నది బొట్టు.

అండాలు పుస్తెలతాడుకు పెట్టుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. ఆయన గీకాడు. గట్టిపడిన ముద్ద పెళ్లలు పెళ్లలుగా రాలింది. పిన్నీసు మొన అవతలికి దూరింది. ఆయన పసుపంటిన పిన్నీసును చాలాసేపు చూశాడు.

"నేనే పూసిన" అన్నాడు. "మంచిగుండాలని పూసిన గదనె."

"నాకెరుకనే. నేను గూడ పక్కన నిలవడి గంట గొట్టిన" అంది అండాలు. అని, నవ్వింది. గంగ పోయాక ఆమె నవ్వగా నేను చూడటం అదే మొదలు. "లే, బువ్వ తిను. తిని బండెక్కు."

ఆయన బువ్వ తినలేదు. ముందు బండెక్కాడు.

ఆ పూటా, మర్నాడు పొద్దంతా నేను ఆగలేదు. ముప్పై అయిదు గుర్రాలలో బతికున్నవన్నీ ఆ రెండు రోజులు నాతోనే ఉన్నాయి. అండాలు చుట్టల వెనక నడుస్తూ ఒక్కొక్కదాన్నీ దొర్లించి వరుస పెట్టింది. ఆదివారం పొద్దుగూకే వేళకు బుచ్చిరెడ్డి అగ్గిపెట్టెతో వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. ఇంకా రెండు సాళ్లు మిగిలాయి. ఆయన కాసేపు ఆగాడు, ఇంకాసేపు ఆగాడు, "ఇగ నాతోని గాదు నర్సయ్యా" అని ఆ రెంటికీ అగ్గిపెట్టాడు. మేము పొగలోంచి బయటపడ్డాము. మిగిలిన గడ్డి మొత్తం ఇల్లు చేరింది.

ఎండాకాలం గడిచింది. ఈసారి మా వాకిట్లోకి బర్రెలను ఎక్కించే బండి రాలేదు. చుక్క ఇప్పుడు చూడితో ఉంది.

మొన్న దసరాకు సోమనర్సయ్య మళ్లీ పసుపు గిన్నెతో వచ్చాడు. చక్రాలకు పూశాడు, స్టీరింగుకు పూశాడు. మూత దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. పూయాలని ఉంది, భయంగానూ ఉంది. అండాలు గంట కింద పెట్టి, ఆయన చేతిలోంచి గిన్నె తీసుకుంది. ఉంగరపు వేలితో మూత అంచున, బెజ్జానికి దూరంగా, చుక్క నుదుటి మచ్చ కంటే చిన్న బొట్టు పెట్టింది. తర్వాత పిన్నీసు తీసి బెజ్జంలో ఓసారి తిప్పి, మూతకు చెవి ఆనించి, "ఊపిరాడుతున్నదా తల్లీ?" అని అడిగింది.

నలభై ఏళ్లుగా నన్ను డీజిల్ ఉందా అని అడిగారు, నడుస్తావా చస్తావా అని అడిగారు. ఈ మాట ఎవరూ అడగలేదు. ఆడుతోందమ్మా అన్నాను. ఆమెకు వినబడి ఉండదు. సోమనర్సయ్య తువ్వాలతో సీటు తుడిచి, ఎక్కి, తాళం తిప్పాడు.