ఎర్ర ప్రైమరు మీద నీలి తుంపర

డొరోతియా కూబియాక్ కారు కింద వెల్లకిలా పడుకుని, టార్చి వెలుగులో చాలాసేపు పైకి చూసింది. అడుగుభాగమంతా నిగనిగలాడే నీలం. ఒక్క మరక లేదు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"ఎలా ఉంది మేడం?" అన్నాడు లైల్ హెండర్‌షాట్.

"అందంగా ఉంది," అంటూ ఆమె బయటికి జరిగింది. "గీకెయ్."

లైల్ కార్ల రంగు పనిలో ఫ్లింట్ చుట్టుపక్కల పేరున్నవాడు. హైస్కూల్లో ఆమె దగ్గరే రసాయనశాస్త్రం చదువుకున్నాడు. ఇప్పుడు గడ్డం నెరిసినా ఆమెను పేరుపెట్టి పిలవడానికి అతనికి నోరు రాదు.

"ఇంత నున్నగా ఈ ఊళ్ళో ఎవడూ వెయ్యలేడు మేడం."

"అదే నా ఫిర్యాదు. పంతొమ్మిదివందల డెబ్బైలో ఈ బండి తయారుచేసినవాళ్ళూ వెయ్యలేదు. నిరుడు ఇంజను గదిని అద్దంలా మెరిపించావు. ఏమైంది?"

ఏమైందో ఇద్దరికీ తెలుసు. షోరూములో కొన్న నాటినుంచి ఆ కారు ఆమెదే. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎలా ఉందో అచ్చం అలాగే ఉందని పాత కార్ల క్లబ్బువారి చేత ఒప్పించి స్వర్ణపతకం పొందాలని ఆమె పట్టుదల. నిరుడు ఇంజను గది మెరుపు ఫ్యాక్టరీ పనిని మించిపోయిందన్న కారణంగా న్యాయనిర్ణేత మార్కులు కోశాడు. ఆ మెరుపును ఆమె చలికాలంలోనే తీయించింది. రెండుసార్లు తప్పిన బండిని ఆ క్లబ్బు మళ్ళీ పోటీకి రానివ్వదు. ఇక మిగిలింది ఈ ఆగస్టు ప్రదర్శన ఒక్కటే.

ఉన్నదానికి మెరుగులు దిద్ది, దాన్నే నిజమని చెప్పుకునేవారిని ఆమె ఏనాడూ క్షమించలేదు. ఆ ఫ్యాక్టరీలో అడుగున తొలిపూతగా వేసే ఎర్ర ప్రైమరు మాత్రమే పూసేవారు. పక్కలకు రంగు కొడుతున్నప్పుడు అంచుల వెంబడి నీలం కాస్త చెదిరి పడేది. దాన్ని ఎవరూ తుడిచేవారు కాదు. తుప్పు పట్టిందని కోసి తీసిన పాత రేకు ముక్క మీద ఆ తుంపర ఇంకా ఉంది. ఆమె దాన్ని లైల్ ముందు పెట్టింది.

అతను గీకాడు, ప్రైమరు పూశాడు, వేరే రేకుల మీద తుంపర కొట్టి చూశాడు. ప్రతిసారీ మేజాగుడ్డ అంచులా ఒక్క తీరుగా వచ్చింది.

"చెత్తగా చెయ్యమంటే చెయ్యి మాట వినడం లేదు మేడం."

"స్కూల్లో చక్కగా వినేదే."

ఆమె పాత రేకును కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుగులో వంచి చూసింది. చుక్కలన్నిటి తోకలూ కారు వెనకవైపుకే వాలి ఉన్నాయి.

"లైల్, నువ్వు నడుస్తూ కొడుతున్నావు, బండి నిలబడి ఉంటోంది. అక్కడ మనిషి నిలబడితే బండి నడిచింది."

"అయితే ఇప్పుడు బండిని నడిపిస్తారా?"

"తోస్తాను. చక్రాల బల్ల మీదే ఉందిగా."

"మీకు డెబ్బై దాటాయి."

"అందుకే నెమ్మదిగా తోస్తాను. అక్కడా నెమ్మదిగానే కదిలేది."

ఇద్దరూ ముసుగులు కట్టుకున్నారు. ఆమె వెనకనుంచి భుజం ఆనించి తోసింది. లైల్ ఒకచోట నిలబడి పక్కరేకుకు రంగు కొట్టసాగాడు. సగం దాటేసరికి వెనకబడి, "ఆగండి, ఆగండి" అన్నాడు. ఆమె ఆగలేదు. కంగారులో అతని చెయ్యి కిందికి జారి, ఎర్ర ప్రైమరు మీద నీలం ఎగుడుదిగుడుగా పడింది. ఒకచోట బొట్టు కారింది. అతను గుడ్డ అందుకున్నాడు.

"గుడ్డ కింద పెట్టు," అందామె ఎగశ్వాసతో. "రెండో పక్కకు పద."

ఆగస్టులో న్యాయనిర్ణేత ఆమండ్‌సన్ ఆ కారు కిందికి దూరి ఎంతకూ బయటికి రాలేదు. వచ్చినప్పుడు అతని గొంతులో గౌరవం పలికింది.

"ఇది ఫ్యాక్టరీవాళ్ళు వేసిన అసలు రంగే. మీరు పొరపాటున బాగుచేసిన బండ్ల వరసలో పెట్టారమ్మా. చెయ్యి పడని బండ్లది వేరే వరస, అంతకంటే పెద్ద గౌరవం. మార్చమంటారా?"

లైల్ ఆమె మోచేతిని మెల్లగా తట్టాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వద్దు. ఆ రంగు మే నెలలో ఇతను వేశాడు. నేను బండి తోశాను."

ఆమండ్‌సన్ ముఖం ఎర్రబడింది. మళ్ళీ కారు కిందికి జరిగాడు.

"అయిపోయింది," అని గొణిగాడు లైల్. "ఇప్పుడు పగబట్టి వెతుకుతాడు. కాసేపు నోరు మూసుకుంటే మీ సొమ్మేం పోయేది మేడం?"

"వెతకనీ."

ఈసారి ఇంకా ఆలస్యమైంది. పక్కన బండ్లవాళ్ళు చుట్టూ చేరారు. చివరికి ఆమండ్‌సన్ లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు.

"అడుగుభాగానికి కోత లేదు," అన్నాడు ముభావంగా. "ఇంజను మూత ఎత్తండి."

ఆమె ఎత్తింది.