రేకుల్లేని బండి

ఓబులేసు కొన్న మొదటి కారు ట్రాక్టరు వెనక తాడు కట్టించుకుని ఇంటికి వచ్చింది. మీగడ రంగు కాంటెస్సా. పత్తి వ్యాపారి ఒకాయన మూడేళ్లపాటు మిల్లు వెనక ఎండకూ వానకూ వదిలేసిన బండి. ప్రొద్దుటూరులో గఫూర్ షెడ్డులో పదేళ్లుగా పరాయి బండ్ల కింద దూరి లేచిన ఓబులేసు, సొంత బండి కింద దూరిన రోజు అన్నానికి కూడా బయటికి రాలేదు. రాములమ్మే పళ్లెం తెచ్చి చక్రం పక్కన పెట్టి వెళ్లింది. అప్పటికి ఆమెకు ఆరో నెల.

"ముసల్దాన్ని తెచ్చి పెండ్లికూతుర్ని చేస్తాండావు గదప్పా" అని గఫూర్ నవ్వాడు.

"పెండ్లికూతురు గాదు భాయ్, పందెం కోడి" అన్నాడు ఓబులేసు కింద నుంచే.

జమ్మలమడుగు రోడ్డులో ఒకచోట, రెండు కిలోమీటరు రాళ్ల మధ్య దారి గీత గీసినట్టు పోతుంది. ఆదివారం తెల్లవారితే, మొదటి బస్సు రాకముందే, కార్లున్న కుర్రకారు అక్కడ చేరేవాళ్లు. రెండు కార్లు పక్కపక్కన నిలబెట్టి, చేతిగుడ్డ కిందికి పడగానే వదిలేయడం. ఈ రాయి నుంచి ఆ రాయికి ఎవరు ముందు పోతే వాళ్లది గెలుపు. ఓడినవాడు అందరికీ దోసెలు పెట్టించాలి. అంతే పందెం. పులివెందుల నుంచి హుమాయున్ తన ఎస్టీమ్ వేసుకుని వచ్చేవాడు. వరసగా మూడు వారాలు ఓబులేసు చేత దోసెలు పెట్టించుకుని, "కారు మార్చకప్పా, నాకు ఈ దోసెలు అలవాటైనాయి" అని వెక్కిరించి పోయాడు.

ఆ మాట ఓబులేసుకు కారం రాసినట్టయింది. బెంగుళూరు పోయి పాత సామాన్ల బజారులో ఇసుజు ఇంజను వెతికి తెచ్చాడు. దానికి సరిపోయే సామాను ప్రొద్దుటూరులో దొరకదు. "దూరం నుంచి తెచ్చేది ఒకటికి రెండు తెచ్చుకో" అని గఫూర్ చెప్పి పంపాడు. ఇంజను మారాక బరువు మీద పడ్డాడు. స్టెప్నీ తీసేశాడు, కాళ్ల కింద పట్టాలు పీకేశాడు, పైకప్పు గుడ్డ చించేశాడు. వెనక సీటు ఊడదీసి ఇంట్లో గోడకు వేశాడు. పుట్టిన బిడ్డకు రాములమ్మ పాలిచ్చేది ఆ సీటు మీద కూర్చునే.

టైం చూసేది కూడా ఆమే. బిడ్డను చంకనేసుకుని రెండో రాయి దగ్గర నిలబడి, పెళ్లికి మేనమామ పెట్టిన వాచీలో ముల్లు చూసేది. మొదట్లో నలభై నాలుగు సెకన్లు. ఇంజను మారాక ముప్పై ఏడు. సీటు తీసినాక ముప్పై ఆరు. కారు తన ముందు నుంచి దూసుకుపోయిన ప్రతిసారీ ఆమె అంకె చెప్పేది, ఓబులేసు ఎగిరేవాడు. ఆమెకు ఎగరాలని అనిపించేది కాదు. బిడ్డ తల మీద కొంగు కప్పి దుమ్ము తగ్గేదాకా నిలబడేది.

ఆమెకు ఏదైనా కాస్త దూరంగానే జరుగుతున్నట్టు ఉండేది. ఏడేళ్లప్పటి నుంచీ అంతే. ఊళ్లో ఒక పార్టీకి పెద్ద ఎగువింటాయన. ఆయన జీపు తోలే నాయన ఒకరోజు పొద్దున పోయి దుప్పటిలో వచ్చాడు. మరుసటేడు అమ్మ జ్వరంతో పోయింది. ఎగువింటాయన దగ్గరే పనిచేసే మేనమామ పాలయ్య తీసుకుపోయి సాకాడు. బడికి పోయే దారి ఎదుటి పార్టీ వాళ్ల వీధిలో నుంచి పోతుందని ఎనిమిదో తరగతిలో బడి మాన్పించిందీ ఆయనే, సంబంధం చూసి ప్రొద్దుటూరులో ఇచ్చిందీ ఆయనే. "ఊరికి దూరంగా ఉండు పాపా, చాలు" అన్నాడు అప్పగింతలప్పుడు.

అలాంటి మామే ఎన్నికల ముందు ఒక సాయంత్రం వచ్చి ఆ సీటు మీద కూర్చున్నాడు.

"ఏంది పాపా ఇది, కారు సీటు ఇంట్లో ఏసుకున్న్యారు. మరి కారులో ఏమేసినారు, మంచమా?"

"బరువు మామా" అన్నాడు ఓబులేసు. "తగ్గిచ్చే కొద్దీ ఉరుకుతాది."

"అదే ఇన్న్యాడు ఎగువింటాయన. ఎల్లుండి పొద్దున పులివెందులకు పోవల్ల, ఆడ పార్టీ మీటింగు. మూడు బండ్లు. నీది ముందు."

ఓబులేసు మొహం విప్పారింది. "ముందా?"

"ముందే. నువ్వే తోలేది. నాలుగూ కొత్త టైర్లు ఏపిస్తానని చెప్పమన్న్యాడు."

ఓబులేసు తల ఊపాడు. "తోల్తా గానీ మామా, డోర్లకు రేకులు మాత్రం కొట్టద్దు. రేకులు కొడితే దాని నడుము ఇరిగిపోతాది." ఆ రోజుల్లో పెద్దవాళ్ల బండ్ల తలుపుల్లోపల బాంబు దూరకుండా మందపాటి ఇనుప రేకులు బిగించేవాళ్లు. ఒక్కో తలుపు తీయాలంటే రెండు చేతులు కావాలి.

"ముందు బండికి రేకులెందుకప్పా?" అన్నాడు పాలయ్య తేలిగ్గా. "మధ్య బండికి కొట్టినాం. నీదాని జోలికి ఎవరూ రారు లే."

ఓబులేసు సంతోషపడ్డాడు. బిడ్డను జోకొడుతున్న రాములమ్మ చేయి ఆగింది.

నాయన జీపుకు కూడా రేకులు లేవు. అది ముందు బండి. కల్వర్టు పక్కన కాచుకున్న వాళ్లు మొదట వచ్చిన బండి మీదే వేస్తారు. ఆ పొగలో మధ్య బండి వెనక్కి తిరిగిపోతుంది. ఎగువింటాయన కూర్చునేది మధ్య బండిలో. మామకు ఇది తెలియక కాదు. మామ కూడా ఆమెలాగే ఎక్కడో ఆగిపోయిన మనిషి. ఆయనకు చెప్పిన పని ఆయన చేస్తాడు, అంతే.

మామ వెళ్లిపోయాక ఆమె చెప్పింది. "మా నాయన తోలింది ముందు బండే."

"మీ నాయన తోలింది జీపు" అన్నాడు ఓబులేసు. "అది నలభై మీద పోదు. నాదాని మీద చెయ్యెత్తే లోపల నేను ఇంకో రాయి దాటేసింటా. లెక్క చూసేది నువ్వే గదమ్మే, నీకు తెల్దా?"

"కల్వర్టు కాడ రాళ్లుండవు" అంది ఆమె.

అతను నవ్వాడు. ఆ నవ్వు పందెంలో గెలిచినప్పుడు నవ్వేదే. 

ఓబులేసుకు ఒక అలవాటు ఉంది. సాయంత్రం కారు ఇంటి పక్క రేకుల షెడ్డులో పెట్టగానే బానెట్ ఎత్తి రోటర్ ఊడబెరికేవాడు. బొటనవేలంత ముక్క, మొనకు ఇత్తడి. దాని గుండానే నిప్పురవ్వ ఇంజనుకు అందుతుంది. అది లేకపోతే ఎంతటి దొంగైనా కారును తోసుకుంటూ పోవాల్సిందే. దాన్ని తెచ్చి రాములమ్మ చేతిలో పెడితే, ఆమె రాగిపిండి డబ్బా మీద పెట్టేది. ప్రయాణం ముందు సాయంత్రం కూడా అలాగే తెచ్చి ఇచ్చాడు. ఆమె దాన్ని డబ్బా మీద పెట్టలేదు. చీర ఉయ్యాల కొసన ముడి విప్పి, అందులో పెట్టి, మళ్లీ ముడేసింది. భయం కూడా వేయలేదు. బియ్యంలో రాయి ఏరి పక్కన పెట్టినట్టు చేసింది.

తెల్లవారి ఆరు గంటలకు పాలయ్య జీపుతో వచ్చాడు. ఓబులేసు తలకు నూనె రాసి, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

"రోటర్ యాడబెట్నావు?"

"నాకియ్యలేదు."

"నిన్న చేతికిస్తి గదమ్మే."

"ఇయ్యలేదు" అంది రాములమ్మ ఉయ్యాల ఊపుతూ.

అతను డబ్బాలు జరిపాడు. సీటు కింద చూశాడు. షెడ్డులోకి పోయి వెతికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి ఆమెను చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మామ వైపు తిరిగి, "దొరకల్యా" అన్నాడు మెల్లగా. "అంబాసిడర్‌ది దీనికి సరిపోదు. బెంగుళూరు నుంచి రావల్ల."

"ఏం మనిషివప్పా! పందేనికి కోడి కంటే ముందు లేస్తావు, పనికొచ్చేసరికి ఇది యాడ అది యాడ అంటావు" అని విసుక్కున్నాడు పాలయ్య. "ఆడ జమ్మలమడుగు కాడ ఆయన గడియారం చూసుకుంటాంటాడు. సరే, నేనే ఈ జీపు ముందర తోల్తా."

ఉయ్యాల ఊపుతున్న చేయి ఊపుతూనే ఉంది. మామ ఎప్పుడూ ఆఖరి బండిలో కూర్చునేవాడు. రాములమ్మ చేతికి ముడి తగులుతోంది. విప్పడానికి ఎంతసేపు? ముప్పై ఆరు సెకన్లు కూడా పట్టదు. విప్పితే అతను పోతాడు. విప్పకపోతే ఈయన. ఆమె నోరు తెరిచింది.

"కాఫీ తాగి పో మామా" అంది.

"వచ్చి తాగుతా లే." పాలయ్య వంగి బిడ్డ బుగ్గ గిల్లి, జేబులో నుంచి బిస్కెట్ పొట్లం తీసి ఉయ్యాలలో పడేశాడు. "మీ అమ్మ మాదిరే ఉంది చూపు" అన్నాడు. జీపు సందు దాటేదాకా ఆ పాత ఇంజను చప్పుడు వినిపించింది. ఓబులేసు వాకిట్లోనే నిలబడి విన్నాడు.

పదకొండు గంటలకు గఫూర్ టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. పులివెందుల దారిలో కల్వర్టు దగ్గరట. ముందు జీపు మీదే వేశారట. మధ్య బండి తిరిగి వచ్చేసిందట. ఎగువింటాయనకు గీత కూడా పడలేదట. చెప్పి, గఫూర్ నేల చూస్తూ నిలబడ్డాడు. రాములమ్మ పొయ్యి మీద పాలు దించింది. పొంగకుండా దించింది. తర్వాత ఊరికి పోవడానికి బిడ్డ గుడ్డలు సర్దుకుంది. దారి పొడుగునా, ఊళ్లో దుప్పటి తీసి మొహం చూపించినప్పుడూ ఆమె ఏడవలేదు. "పాపం, బిగుసుకపోయింది" అన్నారు ఆడవాళ్లు. ఓబులేసు పాడె ముందు కొమ్ము పట్టాడు. 

దినాలు అయిపోయి ప్రొద్దుటూరు వచ్చిన రోజు సాయంత్రం, అతను కొళాయి దగ్గర స్నానం చేస్తున్నాడు. రాములమ్మ ఉయ్యాల ముడి విప్పింది. రోటర్‌కు బిడ్డ పౌడరు అంటుకుంది. కొంగుతో తుడిచింది. ఎక్కడ పెట్టాలో తెలియక షెడ్డులోకి పోయి సామాన్ల పెట్టె తెరిచింది. స్పానర్ల కింద, నూనె గుడ్డ మడతలో ఏదో గట్టిగా తగిలింది. విప్పింది.

అందులో ఇంకొక రోటర్ ఉంది. వాడనిది, ఇత్తడి మొన మెరుస్తోంది. ఒకటికి రెండు తెచ్చుకోమన్నాడు కదా గఫూర్.

ఆ పొద్దున ఇదే షెడ్డులోకి వచ్చి వెతికి పోయాడు అతను. గుమ్మంలో నిలబడి చాలాసేపు తనను చూశాడు.

రాములమ్మ తన దగ్గరున్నదాన్ని దాని పక్కన పెట్టింది. రెండింటినీ కలిపి గుడ్డ మడిచి, స్పానర్ల కిందికి తోసి, పెట్టె మూసింది. బయట కొళాయి చప్పుడు ఆగింది. ఆమె లోపలికి పోయి తువ్వాలు తెచ్చి అతని చేతికి ఇచ్చింది. అతను తీసుకున్నాడు.