కుక్కల పన్నుకు వ్యతిరేకంగా ఒక ఓటు

పులిపాక వసుమతి చరిత్రలో ఎమ్మే చేసి, అమెరికా వచ్చి ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఏడేళ్లు పప్పులు వేయించుకుంటూ కూర్చుంది. 1983లో పక్క కౌంటీ చరిత్ర సంఘంలో ఉద్యోగం దొరికేసరికి ఆమెకు కాలు నేల మీద నిలవలేదు. చిన్న పనే. 1901 రాష్ట్ర శాసనసభలో ఆ కౌంటీ తరఫున కూర్చున్నవాళ్లెవరో పాత హాజరు పట్టీలు చూసి, మనిషికొక కార్డు రాసి, పుస్తకానికి సిద్ధం చేయాలి. పై అధికారి మిసెస్ గ్రేవ్స్ మెచ్చుకోదు, తిట్టదు. ఆర్నెల్లు హాయిగా గడిచాయి.

చేతిరాత పట్టీల్లో ఒక పేజీలో థామస్ ఒలివర్, వకీలు అని ఉంది, మరో పేజీలో ఒట్టి ఒలివర్ థామస్. వసుమతికి నవ్వొచ్చింది. ఈ తిప్పలు ఆమెకు కొత్తా? లైసెన్సులో ఆమె వసుమతి పులిపాక, బ్యాంకులో పులిపాక వసుమతి. ఇద్దరూ ఒకరేనని నమ్మించడానికి బ్యాంకువాళ్ల ముందు ఒక పూటంతా గొంతు చించుకుంది. పాపం, ఈయనకీ ఇంటిపేరు ముందో వెనకో తెలియని గుమాస్తా తగిలాడని జాలిపడి, రెండు కార్డులూ కలిపి ఒక్కటి చేసింది. థామస్ ఒలివర్, వకీలు. ఇంత చిన్న విషయం తెల్లవాళ్లకు తట్టదని ఆ రోజంతా లోలోపల మురిసిపోయింది కూడా.

మార్చిలో ఈడిత్ థామస్ అనే ఎనభై తొమ్మిదేళ్ల ఆవిడ నుంచి ఉత్తరం వచ్చింది. 'మా నాన్న ఒలివర్ థామస్, కమ్మరి. 1901లో శాసనసభలో ఉన్నాడు. కుక్కల మీద పన్ను వేద్దామంటే వద్దని ఓటేశాడు. మీ పుస్తకంలో ఆయన ఉన్నాడా?' అని అడిగింది.

వసుమతి కార్డులు చూసింది. వకీలు ఉన్నాడు, కమ్మరి లేడు. ఒలివర్ థామస్ అన్నది గుమాస్తా తిప్పి రాసిన పేరే కదా, పెద్దావిడ పొరబడి ఉంటుందనుకుని, చాలా మర్యాదగా జవాబు టైపు చేసింది. ఆ పేరుగల సభ్యుడు లేరనీ, ఇంత కాలం గడిచాక జ్ఞాపకాలు తారుమారు కావడం సహజమనీ రాసి, కింద సంతకం పెట్టింది.

మూడు వారాల తర్వాత సభ రోజువారీ నివేదికలు తిరగేస్తుంటే కుక్కల పన్ను బిల్లు కనిపించింది. ఓట్ల జాబితాలో ఇంటిపేర్లే ఉన్నాయి. ఔనన్నవాళ్లలో ఒలివర్. కాదన్నవాళ్లలో థామస్. ఒకే మనిషి ఒకే బిల్లుకు ఔననీ కాదనీ ఎలా అంటాడు? వసుమతి కలిపేసింది ఇద్దరు వేరువేరు మనుషుల్ని.

ఇంటికొచ్చి భర్త దామోదర్‌కి చెప్పింది.

“బుక్ ఇంకా ప్రింట్ కాలేదు కదా వసూ! సైలెంట్‌గా కరెక్ట్ చేసెయ్. ఆవిడకి ఇంకో లెటర్ పోస్ట్ చెయ్, అంతే. డ్రైవ్ చేసుకుంటూ వెళ్లి మరీ చెప్పాలా? మీ గ్రేవ్స్‌కి తెలిస్తే జాబ్ పోతుంది.”

“మీ నాన్న లేడని ఆవిడకి చెప్పింది నేనండీ. ఉన్నాడని కూడా నేనే చెప్పాలి కదా.”

శనివారం ఆ నివేదిక కాపీ పట్టుకుని ఈడిత్ ఇంటికి వెళ్లింది. తలుపు బార్లా తీసి ఉంది. ముందు గదినిండా అట్టపెట్టెలు. మధ్యలో మిగిలిన ఒక్క కుర్చీలో కోటు తొడుక్కుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని ముసలావిడ కూర్చుంది.

“వాల్టర్ పంపాడా? వ్యాను వచ్చిందా?” అంది.

“లేదండీ. ఎక్కడికైనా వెళ్తున్నారా?”

“ముసలివాళ్లుండే నర్సింగ్ హోమ్‌కి. వాల్టర్ మా అన్న కొడుకు. నువ్వు అన్నీ మరిచిపోతున్నావు అత్తా, ఒంటరిగా ఉండకూడదు అని రెండేళ్లుగా పోరుతున్నాడు. ఇన్నాళ్లూ నేనే మొండికేశాను. పోయిన వారం ఒప్పేసుకున్నాను.”

“ఎందుకు ఒప్పుకున్నారు?”

ఆవిడ సంచిలోంచి ఉత్తరం తీసి ఇచ్చింది. కింద వసుమతి సంతకం.

“మా నాన్న సభలోనే లేడట. నాకేమో ఆయన కొత్త టోపీ, స్టేషన్‌లో నన్నెత్తుకోవడం, అన్నీ కళ్లకు కట్టినట్టున్నాయి. జరగనివే ఇంత బాగా గుర్తుంటే, పొయ్యి ఆర్పానన్న గుర్తుని మాత్రం ఎలా నమ్మను? వాల్టర్ చెప్పిందే నిజం కాబోలనుకున్నాను.”

అక్షరాలు తనవే. మర్యాదగా రాశానని మురిసిన అక్షరాలే. నివేదిక కాపీ బయటికి తీసింది.

“ఇది రాసింది నేనే. మావాళ్లలో ఇంటిపేరు ముందొస్తుంది. ఆ లెక్కన మీ నాన్నగారినీ, ఇంకొకాయన్నీ ఒకరే అనుకుని కలిపేశాను. తప్పు నాదండీ. మీ జ్ఞాపకానిది కాదు.”

కాగితం ఆవిడ ఒళ్లో పెట్టింది. ఈడిత్ భూతద్దం తీసి పేర్ల మీద వేలు నడిపింది. ఒకచోట ఆగింది. ఆవిడ ఏడవలేదు. ఏడ్చింది వసుమతి.

“కాదన్నవాళ్లు ఎంతమంది?”

“పదకొండు మంది.”

“అయితే ఓడిపోయాడు.”

“అవునండీ.”

“ఔను, ఓడిపోయాడు. ఇంటికొచ్చి రెండ్రోజులు అన్నం సరిగా తినలేదు.” ఆవిడ తల పైకెత్తింది. “అదీ నాకు గుర్తే.”

బయట హారన్ మోగింది. వాల్టర్ చేతులు రుద్దుకుంటూ లోపలికొచ్చాడు. “రెడీయేనా అత్తా?”

ఈడిత్ కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పింది.

“వ్యాను వెనక్కి పంపెయ్ వాల్టర్. నేను ఎక్కడికీ రావడం లేదు. ఈ అమ్మాయికి టీ పెట్టాలి, కప్పులు ఏ పెట్టెలో వేశావు?”

వాల్టర్ నోరు తెరుచుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. సోమవారం మిసెస్ గ్రేవ్స్ ఏమంటుందో సోమవారం చూసుకోవచ్చు. వసుమతి కళ్లు తుడుచుకుని నేల మీద చతికిలబడి, దగ్గరున్న పెట్టె తాడు విప్పడం మొదలుపెట్టింది.

“అది కాదు, దాని పక్కది,” అంది ఈడిత్. “దాని మీద నేనే రాశాను.”

పక్క పెట్టెలోనే ఉన్నాయి కప్పులు.