పంతొమ్మిదో ఎక్కం

టైలరు పెళ్లాడింది లెక్కల టీచరుని. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఒక్క తప్పు లెక్క కూడా ప్రాణాలతో బయటపడలేదు. బస్సు నంబరు కనబడితే చాలు, దాన్ని ఏయే సంఖ్యలు భాగిస్తాయో ఆవిడ తేల్చేసేది. ఆయన కూడా సరదాకి ఏదో ఒకటి అనేవాడు. "తప్పు" అనేది ఆవిడ, తల కూడా తిప్పకుండా. ఆ మాట వినడానికే ఆయన సగంసార్లు తప్పు చెబుతాడని ఆవిడకూ తెలుసు.

ఇప్పుడావిడ ఆసుపత్రి మంచం మీద ఉంది. పక్షవాతం కుడిచేతినీ, సగం మాటల్నీ పట్టుకుపోయింది. మొదట్లో మాట్లాడేది. చెంచాని దువ్వెన అంది. "అవునక్కా, దువ్వెనే" అంది చెల్లెలు. కిటికీని గొడుగు అంది. టైలరు కూడా తలూపాడు. బాధపెట్టడం ఎందుకని అందరూ అన్నిటికీ తలూపారు. వారం తిరిగేసరికి ఆవిడ నోరు విప్పడమే మానేసింది. ఇలాగే ఉండిపోతే మాట తిరిగి రావడం కష్టమని డాక్టరు చెప్పినప్పటి నుంచీ టైలరు చేతికి సూదిలో దారం ఎక్కడం లేదు.

ఆ మధ్యాహ్నం ఆవిడ మణికట్టు పట్టీ మీద నంబరు చూశాడు. 190133. ఏమీ తోచక, జేబులోంచి బట్టలు గీసే సుద్దముక్క తీసి దుప్పటి మీదే భాగించడం మొదలుపెట్టాడు. పదమూడు దాకా వచ్చేసరికి ఓపిక చచ్చింది.

"టీచరుగారూ, ఇది ప్రధాన సంఖ్యండీ. దేనికీ లొంగేది కాదు."

ఆవిడ పెదవి కదిలింది.

"తప్పు."

టైలరు చేతిలో సుద్ద విరిగింది.

"ప... పదిహేడు," అంది ఆవిడ.

"అవునక్కా! కరెక్టు!" అంది చెల్లెలు, లెక్క వైపు చూడకుండానే.

టైలరు పదిహేడుతో భాగించాడు. ఐదు మిగిలింది. మళ్లీ చేశాడు. మళ్లీ ఐదే. అవుననెయ్యాలని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆవిడ తన మొహంలోకే చూస్తోంది. ఈ మనిషి ఒక్కనాడూ తనకి దొంగ మార్కులు వెయ్యలేదు. తనెలా వేస్తాడు?

"తప్పండీ," అన్నాడు. "ఐదు మిగులుతోంది."

"బావా! మతిపోయిందా మీకు?" అని మరదలు కసిరింది.

ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. ఆయనకి బాగా తెలిసిన కోపం అది, ఎన్నాళ్లకో కనబడింది. కళ్లు మూసుకుంది. ఎడమచేతి వేళ్లు దుప్పటి మీద కదిలాయి.

"పం... పంతొమ్మిది."

భాగించాడు. పదివేల ఏడు వచ్చింది, శేషం లేదు.

"కరెక్టండీ," అని భోరుమన్నాడు. చొక్కా చేతికి కళ్లు తుడుచుకుని, "మరి ఈ పదివేల ఏడు సంగతి?" అన్నాడు.

"దాన్ని... ఏదీ భాగించదు."

"ఊరికే నమ్మను. వంద దాకా అన్నీ వేసి చూడాలి. సాయంత్రమవుతుంది మరి."

ఆవిడ వంకరపోయిన మూతితోనే నవ్వింది.

"చూ... చూసుకోండి. నేనెక్కడికీ పోను."