బొగ్గంటిన రొట్టె

చెయ్యి విరిగి గుర్రపు జీన్లు కుట్టే కొట్లో పని పోయినప్పటినుంచీ ఇనాక్ టారెంట్ పెళ్ళాం తెచ్చిందే తింటున్నాడు. చెల్సీలో ఒక చిత్రకారుడింట గదులు తుడుస్తున్నానని చెప్పింది కెజయా. సాయంత్రానికి కొంగున దాచుకున్నట్టు శాలువాలో రొట్టె తెచ్చేది. దానికి అక్కడక్కడా బొగ్గు నలుపు అంటి ఉండేది. ఎందుకని అతనేనాడూ అడగలేదు. ఆకలికి రంగుతో పనేమిటి?

అలాంటిది, గోడకు వేలాడే జీను, తను కుట్టిన ఆఖరి జీను, ఓ పొద్దున కనిపించలేదు. సారాకొట్లో ఆ మాట అంటే పక్కింటి గాడ్‌ఫ్రీ నవ్వాడు.

"మీ ఆవిడ పనిచేసే ఆ దొర గొడైవా బొమ్మ గీస్తున్నాడటగా. ఊరి పన్ను తీసెయ్యమని మొగుణ్ణి అడిగితే, బట్టల్లేకుండా గుర్రమెక్కి ఊరు తిరిగితే తీసేస్తానన్నాడు చూడు, ఆ దొరసాని. గుర్రమెక్కాలంటే జీను కావద్దూ, ఇనాకూ?"

పనిలేని మగాడికి చెవులు పెద్దవి. తాగింది దిగకముందే ఇనాక్ చెల్సీ చేరాడు. తలుపు తట్టలేదు. పెరటి కిటికీ తెర కాస్త తొలగి ఉంటే కన్ను ఆనించాడు.

లోపల బీరు పీపా మీద అతని జీను. జీను మీద కెజయా. మెడదాకా బొత్తాలు పెట్టుకున్న అదే బూడిదరంగు ఉన్ని గౌను. జుట్టు మాత్రం విప్పుకుని, తల వంచుకుని కూర్చుంది.

బొమ్మ గీస్తున్న గెడ్డం దొర ఇటు తిరిగాడు.

"ఎవరివో గానీ, కదలకయ్యా." బొగ్గు గబగబా కాగితం మీద నడిచింది. "ఊరంతా కిటికీలు మూసుకుంటే గొడైవాను తొంగి చూసిన టామ్ గాడి మొహం దొరక్క చస్తున్నాను. ఎంతమందిని నిలబెట్టినా ఆ నీచం రాలేదు."

కెజయా తల తిప్పి చూసింది.

"మా ఆయనండి. చెబితే ఇలాంటి పనే చేస్తాడని చెప్పలేదు."

దొర చెయ్యి ఆగింది. లోపలికి పిలిచాడు.

"ఈవిడది తలా జుట్టూ వరకేనయ్యా. ఒంటికి వేరే మనిషి వస్తుంది."

ఇనాక్ వినిపించుకోలేదు. కాగితం మీద గుర్రం ఇంకా వట్టి గీతలే. మూలన మాత్రం కిటికీ సందులో తన మొహం, నోరు కాస్త తెరుచుకుని, పూర్తయిపోయి ఉంది.

"చెరిపెయ్యండి దొరా," అన్నాడు నేలచూపులు చూస్తూ.

దొరకు జాలేసినట్టుంది. రోజూ చేసేట్టే, బొగ్గుగీత రుద్ది చెరపడానికి బల్ల మీది రొట్టె తుంచబోయాడు.

"ఉండనివ్వండి దొరగారూ," అంది కెజయా, జుట్టు ముడేసుకుంటూ. "రొట్టె పాడుచేయకండి. ఇంట్లో తినే మనిషున్నాడు."