గోడ ఎక్కలేని కప్పలు

తొలకరి వాన పడిన మర్నాడు పొద్దున్నే ఆమె ఈతకొలనులోంచి పదకొండు కప్పల్ని తీసింది. పదకొండూ చచ్చినవే. తెల్లటి పొట్టలు పైకి తేలి, కాళ్ళు బారజాపుకుని, నీలి పలకల అంచు వెంట పడి ఉన్నాయి.

ఆ బడి ఈతకొలనును శుభ్రంగా ఉంచే పని ఆమెది. పొడుగాటి కర్రకు కట్టిన వలతో ఆకులూ పురుగులూ తోడేస్తూ తొమ్మిదేళ్ళుగా గట్టు మీద తిరుగుతుంటే, పిల్లలు ‘వలక్క’ అని పేరు పెట్టారు. పెద్దవాళ్ళకూ అదే అలవాటైంది. హాజరు పట్టీ రాసే గుమాస్తా కూడా ఆమె అసలు పేరు గుర్తుకు రాక తల గోక్కునేవాడు.

ఈత నేర్పే కోచ్ బకెట్లోకి తొంగిచూసి ముఖం చిట్లించాడు.

“కప్ప ఎక్కడైనా నీళ్ళలో పడి చస్తుందా వలక్కా? క్లోరిన్ ఎక్కువ పోసుంటావు. పిల్లలు దిగే నీళ్ళివి. ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చెయ్యి.”

వలక్కకు చురుక్కుమంది. రోజుకు రెండుసార్లు పరీక్ష కాగితం ముంచి, రంగు చూసుకుని, కొలిచి మరీ వేసే మనిషి. కళ్ళు మండాయని ఒక్క పిల్లయినా అన్న రోజు లేదు. బకెట్ పట్టుకుని తిన్నగా జీవశాస్త్రం టీచరు గదికి నడిచింది.

టీచరమ్మ బల్ల మీద కాగితం పరిచి, ఒక కప్పను వెల్లకిలా పెట్టి చూసింది.

“తోకకప్పగా ఉన్నప్పుడు దీనికి చేపలాగా మొప్పలుంటాయి. కాళ్ళొచ్చి తోక పోయేసరికి మొప్పలూ పోతాయి. ఇక మనలాగే ఊపిరితిత్తులు. చర్మంతో కూడా కాస్త గాలి పీలుస్తుంది గానీ, ఈదీ ఈదీ అలసిపోతే అది చాలదు. ఎక్కి కూర్చునే చోటు లేకపోతే మునిగిపోతుంది.”

“మరి నేను వేసే క్లోరిన్ మందు సంగతేంటమ్మా?”

“మంచిది కాదు. కప్ప నోటితో నీళ్ళు తాగదు, ఒంటితోనే లాక్కుంటుంది. ఆ నీళ్ళలో ఎంతసేపుంటే అంత చేటు. వెంటనే బయటపడితే బతికేదే. కానీ పలకలేమో నున్నన, గట్టేమో నీటికి జానెడు ఎత్తు.”

“అయినా ఇవన్నీ ఇక్కడికే ఎందుకొస్తున్నాయి?”

“వెనక పల్లంలో వాననీళ్ళు నిలుస్తాయి కదా, అక్కడికి పోతున్నాయి. కప్పగుడ్డుకు పెంకు ఉండదు, చుట్టూ జిగురే. తడి లేకపోతే ఎండిపోతుంది. అందుకే వాన పడగానే నీళ్ళు వెతుక్కుంటూ బయల్దేరతాయి. దారిలో మన కొలను.”

వలక్క బకెట్ వైపు చూసింది.

“అంటే చంపింది గోడన్నమాట. సరే, ఆ గోడకు దారి వేస్తాను.”

ఆ సాయంత్రం పిల్లలంతా వెళ్ళాక, సామాన్ల గదిలో పడున్న పాత చెక్క ఒకటి తెచ్చి, ఒక కొన నీళ్ళలోకి, ఒక కొన గట్టు మీదికి వాల్చింది. తెల్లారి వచ్చి చూస్తే ఏడు కప్పలు చచ్చి ఉన్నాయి. చెక్క మీద తడి అడుగు ఒక్కటీ లేదు.

మర్నాడు చీకటి పడే వేళకు టార్చిలైటు పట్టుకుని గట్టు మీదే కూర్చుంది. కాసేపటికి గడ్డిలోంచి ఒక కప్ప గెంతింది, చెంబులో రాయి పడ్డట్టు బుడుంగుమని నీళ్ళలో పడింది. పడిందే తడవు గోడ దగ్గరికి పోయింది. గోడను ఆనుకునే ఈదింది. చెక్క అడ్డొస్తే దాని కిందనుంచి దూరి, మళ్ళీ గోడ పట్టుకుని ముందుకు పోయింది. రెండో కప్పా అంతే, మూడోదీ అంతే. నీళ్ళలోకి చాచుకున్న చెక్క కొన వాటి కంటికే ఆనలేదు. ఆ మూడింటినీ వలతో తీసి పల్లం వైపు వదిలేసి, పరుగులాంటి నడకతో ఇల్లు చేరింది.

వాళ్ళాయన వడ్రంగి. చెప్పిందంతా విని పకపకా నవ్వాడు.

“జనం మంచాలు చేయించుకుంటారు, బీరువాలు చేయించుకుంటారు. నా పెళ్ళాం కప్పలకు నిచ్చెన చేయించుకుంటోంది!”

“నిచ్చెన కాదయ్యా, వాలుబల్ల. గోడకు వెంట్రుకవాసి సందు లేకుండా అతుక్కోవాలి, కింద దూరిపోకుండా అంచు లోతుగా దిగాలి. పైన గోనె కొట్టు, కాళ్ళు జారకుండా.”

నవ్వుతూనే కొలత కర్ర అందుకున్నాడు.

బల్ల చూడగానే కోచ్ కస్సుమన్నాడు. “వచ్చే నెలలో పోటీలు పెట్టుకుని ఏంటిది? ఇది ఈతకొలనా, కప్పల రేవా?”

“ఆఖరి బడిపిల్ల గట్టెక్కాకే వేస్తాను సార్. పొద్దున మొదటి పిల్ల దిగకముందే తీసేస్తాను. ఒక్కరోజు ఆలస్యమైతే బల్లతో పాటు నన్నూ బయట పడేయండి.”

కోచ్ ఈల ఊదుకుంటూ పిల్లల వైపు వెళ్ళిపోయాడు. దాన్నే ఒప్పుకోలుగా తీసుకుంది వలక్క.

మొదటి రోజు మూడు చచ్చాయి. బల్లకు దూరంగా, అవతలి మూలల్లో. రెండో బల్ల చేయించింది. జోరువాన పడిన రోజు ఆ రెండూ తేలిపోయి నడికొలనులో ఊరేగాయి. వాటికి ఇటుకలు కట్టింది. మోసి మోసి భుజాలు బొబ్బలెక్కాయి. పోటీల వారానికి నాలుగు మూలలా నాలుగు బల్లలు దిగాయి. ఆ పొద్దున వల ఖాళీగా వచ్చింది. నమ్మలేక కొలను చుట్టూ మూడుసార్లు తిరిగింది. గోనె మీద తడి బురద మరకలు, పల్లంలో చెవులు గింగిర్లెత్తే బెకబెకలు.

పోటీల రోజు విద్యాశాఖ నుంచి పెద్దసారు ఒకాయన కొలను చూడ్డానికి వచ్చాడు. గోడకు ఆనించిన బల్లల దగ్గర ఆగి, ఏంటివని అడిగాడు.

కోచ్ ఛాతీ విరుచుకున్నాడు. “కప్పలు పడి చచ్చిపోతుంటే, నీళ్ళు పాడవకుండా మేం చేసిన ఏర్పాటు సార్.”

పక్కనే ఉన్న టీచరమ్మకు ఒళ్ళు మండింది. వలక్క మాత్రం ఒకడుగు ముందుకేసింది.

“అవును సార్. రోజూ మోయడం కష్టంగా ఉంది. సెలవుల్లో కొలను ఖాళీ చేసినప్పుడు వీటినే సిమెంటుతో కట్టిస్తే ఎవరికీ అడ్డుండవు. కోచ్ సారు తలుచుకుంటే ఎంతసేపు?”

“మంచి ఆలోచన. తప్పకుండా కట్టించండి,” అన్నాడు పెద్దసారు కోచ్ భుజం తట్టి. కోచ్‌కు తలూపక తప్పలేదు. ఆయన వెళ్ళాక మాత్రం వలక్క దగ్గరికొచ్చి గొంతు సవరించుకున్నాడు.

“ఆ రోజు మందు మాట... తొందరపడ్డాను.”

“వాలు ఎంతుండాలో నేనే చెప్తాను సార్, మేస్త్రీకి,” అంది ఆమె.

సెలవుల్లో మేస్త్రీ వచ్చాడు. ఎండిన కొలను మూలలో గొంతుకూర్చుని, జానెడు వెడల్పు వాలును తాపీతో అద్దంలా మెరిపించాడు. వలక్క చెప్పులు విప్పి లోపలికి దిగింది. తడి సిమెంటు మీద వేలితో రాసి చూసింది.

“గరుగ్గా ఉండాలి. చెరిపెయ్.”

“ఇంత నున్నగా వస్తే చెరిపేయమంటావేంటమ్మా?”

“చెరిపి మళ్ళీ చెయ్యి. ఇంకా మూడు మూలలున్నాయి.”

మేస్త్రీ గొణుక్కుంటూ కొబ్బరిపీచు తీసుకుని అడ్డంగా గీతలు పెట్టసాగాడు. నాలుగో మూల పూర్తయ్యేదాకా ఆమె గట్టెక్కలేదు.