ఎడమవైపు మడత

గుడారపు గుడ్డను ఒడిలోకి లాక్కుని కుట్టు వెంబడి వేలు నడుపుతూ పోతున్న ఆమె చేయి ఒకచోట ఆగింది. కుట్టు కింద గుడ్డ మడతపడింది. మడత మీదుగానే సూది నడిచింది. రెండు పొరలుండవలసిన చోట నాలుగు బిగుసుకుపోయి ఉన్నాయి. మిషనుకు ఎడమవైపు కుప్పగా పడి ఉండే గుడ్డ సూది కిందికి జారుతున్నా చూసుకోనప్పుడు జరిగే పొరపాటు అది. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు మొదట్లో చేస్తారు, తిట్లు తిని మానుకుంటారు. కానీ ఈ కుట్టు వేసింది ఆమె భర్త. ఎందరికో ఆ పని నేర్పి, అందుకోసం ఎందరినో తిట్టినవాడు.

"ఏవండీ, ఇక్కడ మడత పడింది."

దర్జీ తల తిప్పి చూసి నవ్వాడు. "నీ చేతికీ ఏదో పని ఉండాలిగా. విప్పెయ్."

ఆమె బ్లేడు తీసుకుని ఒక్కొక్క పోగే తెంపి విప్పింది. మూర దూరం పోయాక మరొకటి తగిలింది. అదీ ఎడమవైపే. ఈసారి ఆమె భర్తను పిలవలేదు. మిగిలిన పక్కను తడిమి చూడడానికి చేయి రాక, గుడ్డను చుట్టచుట్టి తాడుతో కట్టేసింది.

పెళ్ళయిన నాటి నుంచీ వాయిదా పడుతూ వచ్చిన ప్రయాణం అది. కొండల మధ్య ఒక చెరువు. దాని ఒడ్డున గుడారం. అక్కడిదాకా మోటారుసైకిలు మీద ఇద్దరే. అంగడిలో గుడారం ధర అడిగి, వినపడనట్టు బయటికి వచ్చేశారు. గొడుగుల గుడ్డ తానుల్లో మిగిలిన ముక్కలు కొన్నారు. పాత కర్టెను కడ్డీలు గుడారానికి నిట్రాళ్ళయ్యాయి. కుట్టించుకుని ఎవరూ తీసుకుపోని పాంట్లతో బండికి అటూ ఇటూ వేలాడే సంచులు తయారయ్యాయి. "ఎవరి కాళ్ళో మోసుకుపోతున్నాయి మన సామాను" అని ఆయన రోజుకొకసారైనా అనేవాడు; ఆమె ప్రతిసారీ నవ్వేది. మడత చూసిన తరువాత ఆ మాటకు నవ్వు రాలేదు.

సంచులకు ఇనుప చట్రం బిగించడానికి మెకానిక్ వచ్చాడు. ఆమె తమ్ముడే. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఎడమ అద్దం దగ్గర నిలబడ్డాడు.

"బావా, ఈ అద్దం మొన్ననేగా మార్చాను. మళ్ళీ పగిలిందేం?"

"గోడ అడ్డమొచ్చింది."

"గోడలు నడవడం ఎప్పుడు మొదలుపెట్టాయి? అక్కా, ఇటు చూడు. అద్దం, ఫుట్ రెస్టు, హాండిలు చివర, అన్నీ ఎడమ పక్కే గీసుకుపోయాయి. కుడి పక్కంతా కొత్త పెళ్ళికూతురిలా ఉంది. బావకి ఎడమ పక్కతో ఏం పగో?"

"మీ అక్క కూర్చునే తీరు అలాంటిది. బరువంతా ఒక పక్కకే."

"ఆ మాట అక్క ఎదురుగా అన్నావంటే నీ ధైర్యం మెచ్చుకోవాలి."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె మాత్రం వంగి ఆ గీతలను వేలితో తడిమింది. మడత, అద్దం, ఫుట్ రెస్టు: వేటికవి చిన్నవే. అన్నీ ఒకే వైపున ఉండడమే ఆమెను భయపెట్టింది.

ఆ సాయంత్రం సామానంతా కట్టి, బరువుకు బండి తూలుతుందేమో చూద్దామని ఇద్దరూ బయలుదేరారు. కూరగాయల అంగళ్ళ వీధిలోకి తిరిగారు. ఎడమవైపున ఆగివున్న వ్యాను తలుపు తెరుచుకుంటోంది. ఆమె ఎడమచేయి దానంతట అదే లేచి ఆయన ఎడమ భుజం మీద తట్టింది. బండి కుడికి ఒదిగింది. తరువాత ఒక తోపుడుబండి, మళ్ళీ తట్టింది. ఆపై ఒక కుక్క. ఇలా ఎన్నాళ్ళుగా తడుతోందో ఆమెకు గుర్తు రాలేదు. మాటల మధ్యలో, ఆలోచించకుండా, అలవాటుగా తడుతూనే ఉంది.

ఈ మధ్య గుండీలు కొనడానికైనా, దారపుకండెలకైనా ఆయన ఆమెను తోడు రమ్మనేవాడు. "నువ్వు వెనక లేకపోతే బండి ముందుకు పోదు" అనేవాడు. ఈ వయసులో ఇంత ప్రేమేమిటని ఆమె లోలోపల మురిసింది. ఇప్పుడు ఆ మురిపెమంతా వెన్నులో చలిగా దిగింది.

చేతులు ఒడిలో కట్టుకుని కూర్చుంది. తట్టకుండా ఉంటే ఏమవుతుందో తెలియాలి. వీధి మలుపులో, ఎడమ పక్క నుంచి, పసిపిల్లను చంకనెత్తుకున్న ఒక తల్లి రోడ్డు మీదికి అడుగుపెట్టింది. బండి వేగం తగ్గలేదు. ఆయన మెడ కదలలేదు. ఇక ఆగలేక ఆమె రెండు చేతులతోనూ ఆయన భుజాన్ని గుద్దింది.

బండి కీచుమంటూ ఆగింది. మొదట బ్రేకు పడింది. ఆ తరువాతే ఆయన తల ఎడమకు తిరిగింది. అప్పుడే ఆ తల్లి ఆయనకు కనిపించింది.

"కళ్ళు నెత్తికెక్కాయా?" అని ఆ తల్లి అరిచింది.

దర్జీ బండిని నెమ్మదిగా ఇంటివైపు తిప్పాడు. ఇంటికి చేరేదాకా ఆమె చేయి ఆయన భుజం మీది నుంచి దిగలేదు.

బయలుదేరవలసిన ఉదయం బండి గుమ్మం ముందు సిద్ధంగా ఉంది. ఆమె తాళంచెవిని కత్తిరింపుల బల్ల మీద, ఎడమ అంచున, కత్తెర పక్కనే పెట్టింది. దానికి ఎర్ర దారపు కుచ్చు ఉంది. కిటికీలోంచి వెలుతురు నేరుగా దానిమీదే పడుతోంది. అది ఆయనకు కనిపిస్తే నోరెత్తకుండా వెనక ఎక్కి కూర్చోవాలనీ, కనిపించకపోతే బండి కదలనివ్వకూడదనీ ఆమె నిశ్చయించుకుంది. కనిపించాలని ఎంతగా కోరుకుందో, కనిపించదని అంతగానూ ఆమెకు తెలుసు.

"తాళంచెవి ఏదీ?"

"బల్ల మీదే."

ఆయన బల్ల ముందు నిలబడ్డాడు. టేపు ఎత్తి చూశాడు. కుడివైపు సొరుగు లాగాడు. అరచేతితో బల్ల నడుమ తడిమాడు.

"దాచావా?"

"లేదండీ. ఎదురుగానే ఉంది."

తడుముతున్న చేయి ఆగిపోయింది. ఆయన, బల్లవైపే చూస్తూ, "ఎడమ పక్కా?" అన్నాడు.

"ఊఁ."

ఆయన తలను పూర్తిగా ఎడమకు తిప్పాడు. ఎర్ర కుచ్చు కనబడింది. తాళంచెవి తీసి, కాసేపు పట్టుకుని, ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వు వెనకుంటే చాలనుకున్నాను."

"దారిలో నాకు తుమ్మొస్తే ఏం చేద్దామనుకున్నారు?"

ఆయన నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "డాక్టరు దగ్గరికెళితే ఏం చెబుతాడోనని. కుట్టు పని కూడా వద్దంటే నేనేం చేయను? చెరువు ఒక్కటీ చూసొచ్చి, ఆ తరువాత చెబుదామనుకున్నాను."

"పదండి. కంటి ఆసుపత్రి తెరిచే వేళయింది. నడిచే పోదాం."

గుమ్మం దాటేటప్పుడు ఆమె ఆయనకు ఎడమవైపుకు వచ్చింది. బండి మీద చుట్టగా కట్టి ఉన్న గుడారాన్ని ఆయన మెట్టుపై నుంచే తడిమి, "మడతలన్నీ విప్పేశావా?" అన్నాడు.

"మొదటిదే విప్పాను. రెండోది తగిలాక ఆపేశాను. అవతలి పక్క ముట్టుకోలేదు."

"ఏం?"

"ఇంకా ఎన్ని ఉంటాయోనని భయమేసి."

కింది మెట్టు కోసం ఆయన ఎడమకాలు గాలిలో వెతుకుతుంటే ఆమె ఆయన మోచేయి పట్టుకుంది.